ఇటలీలో చిన్న ఊళ్ళో మాస్టర్స్: కామెరినోలో రోజులు ఎలా గడుస్తాయి?

మీ ప్రశ్న: "కామెరినో యూనివర్సిటీలో మాస్టర్స్ సీటు వచ్చింది. మాది ఖమ్మం. ఊరు మరీ చిన్నదని, పార్ట్‌టైమ్ దొరకదని, మన తిండి ఉండదని అందరూ అంటున్నారు. ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. అక్కడ రోజూ ఎలా గడుస్తుంది? వెళ్ళొచ్చా, లేక వచ్చే ఏడాది మిలానోకో బొలోన్యాకో మళ్ళీ అప్లై చేయాలా?"

వెళ్ళండి. కానీ పార్ట్‌టైమ్ జీతంతో నెట్టుకొస్తాను అనే లెక్కతో వెళ్ళకండి. స్కాలర్‌షిప్ మీద ఆశ, చేతిలో మొదటి ఆరు నెలల ఖర్చు, ఈ రెండూ ఉంటే కామెరినో మీకు మిలానో కన్నా మంచిది. ఇంకో సంగతి, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: విమానం ఎక్కేలోపు ఇటాలియన్ కొంతైనా నేర్చుకోండి. పెద్ద ఊళ్ళో భాష రాకపోయినా ఇంగ్లీషుతో రోజులు గడిచిపోతాయి. చిన్న ఊళ్ళో భాష రాకపోతే గది, క్లాసు, మళ్ళీ గది. రెండేళ్ళూ అంతే. మాట వస్తే మాత్రం ఆరు నెలల్లో ఊళ్ళో సగం మంది మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తారు.

నేను 2018 సెప్టెంబరులో అక్కడికి వెళ్ళాను. కెమిస్ట్రీలో మాస్టర్స్, ఆ తర్వాత మూడేళ్ళ పీహెచ్‌డీ, అన్నీ ఆ కొండ మీదే. మాది నరసరావుపేట. మా పేట జనాభాలో పదో వంతు మంది కూడా కామెరినో మొత్తంలో లేరని మొదటి వారం దిగులు పడ్డాను. అందుకే మీ ఇంట్లోవాళ్ళ టెన్షన్ నాకు బాగా అర్థమవుతుంది.

ముందు ఊరి సంగతి. కామెరినో మార్కె ప్రాంతంలో, మాచెరాతా జిల్లాలో, సముద్ర మట్టానికి 660 మీటర్ల ఎత్తున కొండ మీద ఉంది. జనాభా ఏడు వేల లోపే. యూనివర్సిటీ మాత్రం 1336 నాటిది. 2016 అక్టోబరు 26 సాయంత్రం వచ్చిన భూకంపంలో, నాలుగు రోజులకు 30న వచ్చిన ఇంకా పెద్ద దానిలో పాత ఊరంతా దెబ్బతింది. కోటగోడల లోపలి భాగాన్ని 'జోనా రోస్సా', అంటే ఎవరూ వెళ్ళకూడని ఎర్ర జోను, అని మూసేశారు. దుకాణాలు, బార్లు, ఇళ్ళు ఊరి అంచుకు, తాత్కాలిక కట్టడాల్లోకి మారాయి. నేను వెళ్ళేసరికి రెండేళ్ళయినా పాత ఊళ్ళో చాలా వీధులకు కంచెలే ఉన్నాయి. యూనివర్సిటీ అప్పట్లో పెట్టుకున్న నినాదం 'ఇల్ ఫుతూరో నోన్ క్రోల్లా', అంటే భవిష్యత్తు కూలిపోదు అని. అది గోడ మీద చదివినప్పుడు నాకు మామూలు నినాదంలానే అనిపించింది. ఇల్లు పోయినా రోజూ పొద్దున్నే వచ్చి క్యాంటీన్‌లో వడ్డించే ఆవిడతో పరిచయమయ్యాక దాని బరువు తెలిసింది. ఇంటర్నెట్‌లో కనిపించే పాత ఫొటోలు చూసి రాళ్ళు పరిచిన వీధుల్లో తిరుగుదామని ఊహించుకోకండి. మరమ్మతులు ఏళ్ళ తరబడి సాగుతున్నాయి, చుట్టూ క్రేన్లు కనిపిస్తాయి. చిన్నచిన్న ప్రకంపనలు అప్పుడప్పుడు వస్తాయి. గది తీసుకునేటప్పుడు ఆ ఇల్లు భూకంపం తర్వాత తనిఖీ అయిందా అని మొహమాటం లేకుండా అడగండి. అక్కడ అది అందరూ అడిగే ప్రశ్నే.

ఊరి టైమింగ్స్ ఒంటికి పట్టాలి. మొదటి నెల నన్ను ఏడిపించింది ఇదే. దుకాణాలు పొద్దున తొమ్మిదికి తీసి ఒంటిగంటకు మూసేస్తారు. మళ్ళీ సాయంత్రం నాలుగు తర్వాతే. ఏడున్నర, ఎనిమిదికి అంతా కట్టేస్తారు. ఆదివారం చాలా షాపులు ఉండవు, బస్సులూ ఒకటో రెండో. పోస్టాఫీసు, ఆఫీసుల పనులన్నీ పొద్దుటి పూటే. మధ్యాహ్నం క్లాసు అయ్యాక ఉల్లిపాయలు కొందామని వెళ్తే ఊరు ఊరంతా నిద్రపోతున్నట్టు ఉంటుంది. రాత్రి భోజనం వాళ్ళకు ఎనిమిదికి మొదలవుతుంది. ఆగస్టు 15 'ఫెర్రాగోస్తో' పండగ చుట్టూ రెండు మూడు వారాలు సగం ఊరు తాళం వేసి ఉంటుంది. విద్యార్థులూ వెళ్ళిపోతారు. ఆ రోజుల్లో ఎక్కడుండాలో జూన్‌లోనే ఆలోచించుకోండి. మొదటి ఆగస్టు నేను ఒక్కదాన్నే ఉండిపోయాను. నా అయిదేళ్ళలో అంత ఒంటరిగా ఇంకెప్పుడూ లేను.

టైమింగ్స్ అలవాటైతే ఆ ఊరి అందం కూడా అందులోనే ఉంది. పొద్దున బార్‌కి వెళ్ళి కౌంటర్ దగ్గరే నిలబడి కాఫీ తాగడం, సాయంత్రం చీకటి పడే ముందు అందరూ ఒకసారి నడకకు రావడం. బార్ అంటే అక్కడ కాఫీ కొట్టు అని ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పండి, లేకపోతే 'రోజూ బార్‌కి వెళ్తున్నాను' అంటే మా నాన్నగారు కంగారుపడ్డట్టు పడతారు. రోజూ ఒకే బార్‌కి, ఒకే టైముకి వెళ్ళండి. నేను చేసిన మంచి పని అది. పొద్దున ఏడు నలభైకి వెళ్ళేదాన్ని. మూడో వారానికి నేను లోపల అడుగుపెట్టగానే కాఫీ వచ్చేది. మూలన పేకాడుకునే తాతగారు ఒకాయన నాకు 'బ్రిస్కోలా' ఆట నేర్పారు. నా ఇటాలియన్‌లో సగం ఆ బల్ల దగ్గర నేర్చుకున్నదే. తర్వాత గది మారాల్సి వచ్చినప్పుడు ఇల్లు చూపించిందీ ఆయనే. అక్కడ ఖాళీగా ఉన్న ఇళ్ళన్నీ వెబ్‌సైట్లకు ఎక్కవు. ఊళ్ళోవాళ్ళ నోట్లో ఉంటాయి.

షాపులోకి అడుగుపెట్టగానే 'బ్వోన్‌జోర్నో', వచ్చేటప్పుడు 'గ్రాత్సియె, అర్రివెదేర్చి' అనడం మరవకండి. అనకపోతే ఎవరూ ఏమీ అనరు, కానీ గుర్తుపెట్టుకుంటారు.

భాష విషయంలో మన తెలుగువాళ్ళకు రెండు సౌకర్యాలు ఉన్నాయి. తెలుగు మాటల్లాగే ఇటాలియన్ మాటలూ దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి. అందుకే నోరు తొందరగా తిరుగుతుంది. రెండోది ద్విత్వాక్షరాలు. 'కాసా' అంటే ఇల్లు, 'కాస్సా' అంటే డబ్బు కట్టే కౌంటర్. 'సేతె' అంటే దాహం, 'సెత్తె' అంటే ఏడు. 'నోనో' అంటే తొమ్మిదవది, 'నొన్నో' అంటే తాతయ్య. మా క్లాసులో వేరే దేశాల వాళ్ళు ఈ తేడా దగ్గర నెలలు తంటాలు పడ్డారు. మనకు 'కల', 'కల్ల' వేరని పుట్టుకతోనే తెలుసు కాబట్టి ఒక్కసారి వింటే చాలు. 'తూ', 'లెయి' తేడా కూడా అంతే, అచ్చంగా మన నువ్వు, మీరు. ప్రొఫెసర్లకు, ఆఫీసుల్లో, పెద్దవాళ్ళకు 'లెయి'. తోటి విద్యార్థులకు 'తూ'. పెద్దావిడను 'సిన్యోరా' అంటే సరిపోతుంది. క్లాసులు ఇంగ్లీషులోనే జరుగుతాయి కదా అని భాషను వాయిదా వేయకండి. పాఠం ఇంగ్లీషులో ఉంటుంది, పోస్టాఫీసు ఇంగ్లీషులో ఉండదు. ఇప్పటినుంచి రోజుకు గంట చదివితే వెళ్ళేనాటికి అంకెలు, టైము, ధరలు, 'నాకు ఇది కావాలి' వరకు వచ్చేస్తుంది. మొదటి నెలకు అంత చాలు.

డబ్బు గురించి స్పష్టంగా చెబుతాను. మార్కెలో స్కాలర్‌షిప్, హాస్టల్, మెస్ అన్నీ 'ఎర్దిస్' అనే ప్రాంతీయ సంస్థ చూస్తుంది. మెస్‌ను అక్కడ 'మేన్సా' అంటారు. మొదటి ఏడాది స్కాలర్‌షిప్ మార్కులను బట్టి కాదు, కుటుంబ ఆదాయాన్ని బట్టి. అందుకు ఇంటి ఆదాయం, ఆస్తి పత్రాలు ఇటాలియన్‌లోకి అనువదించి, అపోస్టిల్‌తో (కాగితం విదేశాల్లో చెల్లేందుకు మన ప్రభుత్వం వేసే ముద్ర) సహా పట్టుకెళ్ళాలి. వాటితో 'ఇజెయె పరిఫికాతో' అనే లెక్క తయారవుతుంది. ఈ కాగితాలు ఇండియాలో ఉండగానే పూర్తి చేసుకోండి. అక్కడికి వెళ్ళాక నాన్నగారిని ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిప్పుతూ, అక్కడ గడువు తేదీ చూసుకుంటూ కూర్చోవడం చాలా కష్టం. నా ఫ్రెండ్ ఒకమ్మాయికి ఒక్క కాగితం మీద అపోస్టిల్ లేక ఏడాది స్కాలర్‌షిప్ పోయింది. ఆ ఏడాదంతా ఆమె ఎంత కుదించుకుని బతికిందో నేను దగ్గరుండి చూశాను.

బయటి ఊరి విద్యార్థికి స్కాలర్‌షిప్ ఈ మధ్య ఏడాదికి ఏడు వేల యూరోల చుట్టుపక్కల ఉంటోంది. హాస్టల్ గది, భోజనం తీసుకుంటే వాటి విలువ అందులోంచి తగ్గిస్తారు. డబ్బు వెళ్ళగానే రాదు. మొదటి విడత చలికాలానికి పడుతుంది, కొన్నిసార్లు ఇంకా ఆలస్యం. రెండో విడత క్రెడిట్స్‌తో, అంటే పాసైన పరీక్షలకు వచ్చే పాయింట్లతో, ముడిపడి ఉంటుంది. మామూలుగా మొదటి ఏడాది ఆగస్టు 10 లోపు 20 క్రెడిట్స్ సాధించాలి. నవంబరు 30కి కూడా అన్ని రాకపోతే ఇచ్చినది వెనక్కి కట్టమంటారు. నోటిఫికేషన్‌ను అక్కడ 'బాందో' అంటారు. మీ ఏడాది బాందో తెచ్చుకుని మొదటి లైను నుంచి చివరి లైను దాకా చదవండి. సీనియర్లు చెప్పేది వాళ్ళ ఏడాది రూలు.

హాస్టల్ దొరక్క బయట గది తీసుకుంటే రిజిస్టర్ అయిన అగ్రిమెంటు లేకుండా చేరకండి. అద్దె ఇరవై యూరోలు తగ్గిస్తాను, కాగితం వద్దు అనేవాళ్ళు ఉంటారు. అగ్రిమెంటు లేకపోతే స్కాలర్‌షిప్‌లో మిమ్మల్ని బయటి ఊరి విద్యార్థిగా లెక్కించరు. అక్కడ తగ్గేది ఇరవై కాదు, వేలు. అడ్రసు రుజువు కూడా ఉండదు. నేను మొదట దిగిన ఇంటి యజమాని రేపు మాపు అంటూ రెండు నెలలు సాగదీశాడు. మూడో నెల ఇల్లు మారాను. నేను కట్టిన అద్దె 200 యూరోలు, కరెంటు, గ్యాస్ అదనం. ఆ గ్యాస్ బిల్లు తక్కువేం కాదు. కొండ మీద చలి నవంబరు నుంచి మార్చి చివరి దాకా ఉంటుంది, మంచు పడుతుంది, గాలి ఎముకల్లోకి దూరుతుంది. ఇంకో చిన్న విషయం: చాలా ఇళ్ళలో కరెంటు 3 కిలోవాట్ల కనెక్షన్. ఇండక్షన్ పొయ్యి మీద కుక్కర్ పెట్టి, వాషింగ్ మెషీన్ వేసి, హీటర్ కూడా ఆన్ చేస్తే మీటరు పడిపోతుంది. ఒకటయ్యాక ఒకటి వేయడం అలవాటు చేసుకోండి.

పార్ట్‌టైమ్ సంగతి. స్టూడెంట్ పెర్మెస్సో (విద్యార్థిగా అక్కడ ఉండేందుకు ఇచ్చే కార్డు) మీద వారానికి 20 గంటలు, ఏడాదికి 1,040 గంటల వరకు పని చేయొచ్చు. చట్టం ఒప్పుకుంటుంది కానీ ఊళ్ళో అంత పని లేదు. రెండు మూడు పిజ్జా షాపులు, కొన్ని బార్లు. వాటిలోకి భాష వచ్చినవాళ్ళనే తీసుకుంటారు, అది న్యాయమే. యూనివర్సిటీలోనే లైబ్రరీల్లో, ల్యాబుల్లో విద్యార్థులకు ఇచ్చే చిన్న పని ఒకటుంది, '150 ఒరె' అంటారు, అంటే 150 గంటలు. దాని నోటిఫికేషన్ పడిన రోజే అప్లై చేయండి. నేను రెండో ఏడాది లైబ్రరీలో చేశాను. వచ్చింది కొంచెమే అయినా, ఇంటికి ఫోన్ చేసి డబ్బు అడగకుండా గడిచిన నెలలు అవే.

కాగితాల పని. దిగిన 8 పని దినాల్లోపు పెర్మెస్సో ది సొజ్జోర్నో, అంటే ఉండేందుకు అనుమతి, దరఖాస్తు చేయాలి. పోస్టాఫీసులో పసుపు గీత ఉన్న కవరు అడిగితే ఉచితంగా ఇస్తారు. అందులో ఫారాలు నింపి, 16 యూరోల స్టాంపు అంటించి, ఏడాది లోపు కార్డుకు 70.46 యూరోలు, పోస్టాఫీసు ఫీజు 30 యూరోలు కట్టాలి. ఆ స్టాంపు పేరు 'మార్కా ద బోల్లో'. పోస్టాఫీసులో కాదు, 'టీ' అక్షరం బోర్డు ఉండే పొగాకు దుకాణంలో దొరుకుతుంది. కౌంటర్ దగ్గరే వేలిముద్రల తారీఖు ఇస్తారు, దానికి జిల్లా కేంద్రం మాచెరాతా వెళ్ళాలి. కార్డు చేతికి రావడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా ఆ రసీదే మీ ప్రాణం, పాస్‌పోర్టులో పెట్టుకుని తిరగండి. వీసా గడువు అయిపోయి రసీదు మాత్రమే ఉన్నప్పుడు ఇండియా రావాలంటే వేరే షెంగెన్ దేశం (ఇటలీతో ఉమ్మడి వీసా ఉన్న యూరప్ దేశం) మీదుగా టికెట్ కొనకండి. మా సీనియర్ ఒకాయన చౌకగా వస్తుందని ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా బుక్ చేసి, అక్క పెళ్ళికి రెండు రోజుల ముందు ఆ టికెట్ వదులుకుని ఇంకోటి కొన్నాడు.

ఆరోగ్యానికి రెండు దారులు. ప్రైవేటు బీమాతో పెర్మెస్సో వస్తుంది కానీ ఊళ్ళో ఫ్యామిలీ డాక్టరు రాడు. ప్రభుత్వ ఆరోగ్య సేవలో చేరితే డాక్టరు వస్తాడు, కానీ 2024 నుంచి విద్యార్థులకు అది ఏడాదికి 700 యూరోలు అయ్యింది. నా రోజుల్లో 150 యూరోల లోపే. ఇంకా ఒకటి గమనించండి, అది క్యాలెండర్ ఏడాదికి లెక్క. అక్టోబరులో కట్టినా డిసెంబరు 31కి అయిపోతుంది. అందుకే చాలామంది మొదటి మూడు నెలలు ప్రైవేటు బీమాతో ఉండి, అవసరమైతే జనవరిలో చేరతారు. ఎప్పుడూ వాడే మందులు ఉంటే ప్రిస్క్రిప్షన్‌తో సహా తెచ్చుకోండి. ఎమర్జెన్సీకి 112.

తిండి. మన తిండి ఉండదన్నది సగం నిజం. వండుకోవడం వస్తే ఇబ్బంది లేదు, రాకపోతే ఈ రెండు నెలల్లో అమ్మ దగ్గర నేర్చుకోండి. సూపర్ మార్కెట్‌లో ఏ పేరుతో ఏం దొరుకుతుందో తెలియకే మనవాళ్ళు మొదటి నెల పాస్తా మీద పడతారు. 'సెమొలీనో' అంటే సన్న రవ్వ, ఉప్మాకి సరిపోతుంది. 'ఫరీనా ది చేచి' అంటే శనగపిండి. మంచు పడే సాయంత్రం మిరపకాయ బజ్జీ వేస్తే ఫ్లోర్ మొత్తం మీ గుమ్మం ముందు ఉంటుంది. 'ఫరీనా ది రీజో' బియ్యప్పిండి. పొట్టు తీసిన ఎర్ర 'లెంతిక్కియె' మన మసూర్ పప్పే. టమాటా గుజ్జు 'పస్సాతా' సీసాల్లో చౌకగా దొరుకుతుంది. దగ్గర్లోని కొండల్లో కాస్తెల్లూచ్చో అనే చోట సన్న పప్పు పండిస్తారు, ఇటలీ మొత్తంలో పేరున్నది. ధర ఎక్కువే. నేను పుట్టినరోజుకు ఒకసారి కొని, చింతపండుతో పప్పుచారు పెట్టాను. ఆ రుచి వేరు. జూన్ చివర, జూలై మొదట్లో ఆ పప్పు చేలతో పాటు మైదానమంతా పూలు పూస్తాయి. ఎవరైనా కారులో తీసుకెళ్తామంటే పరీక్ష ఉన్నా ఒక రోజు వెళ్ళిరండి.

కరివేపాకు, మినప్పప్పు, బెండకాయ, చింతపండు కామెరినోలో ఆశించకండి. రోమ్ వెళ్ళినప్పుడు స్టేషన్‌కి దగ్గర్లో పియాత్సా విత్తోరియో పక్కనున్న ఎస్క్విలీనో మార్కెట్‌కి వెళ్ళండి. అక్కడ మనవాళ్ళూ బంగ్లాదేశ్ వాళ్ళూ అమ్ముతారు, అన్నీ ఉంటాయి. మేము నలుగురం కలిసి నెలన్నరకు ఒకరు చొప్పున వెళ్ళి నలుగురికీ తెచ్చేవాళ్ళం. ఇండియా నుంచి పచ్చళ్ళు, పొడులు, ఇండక్షన్ మీద పనిచేసే చిన్న కుక్కర్ తెచ్చుకోండి. బియ్యం మోయకండి.

శాకాహారులైతే 'వెజెతారియానా' అని ఊరుకోవద్దు, 'నె కార్నె, నె పేష్షె' అని విడిగా చెప్పండి, అంటే మాంసమూ వద్దు, చేపా వద్దు అని. చిక్కుడు గింజల సూపులో కూడా పంది మాంసం ముక్కలు వేసే అలవాటు ఉంది. ఆ ప్రాంతపు రొట్టె 'క్రేషా'లో పంది కొవ్వు కలుపుతారు. దాని పేరు 'స్త్రుత్తో', ప్యాకెట్ మీద చూసుకోండి. 'మయాలె' పంది, 'మాన్‌జో' గొడ్డు మాంసం, 'పోల్లో' కోడి. ఏవి తినరో ఆ మాటలు ముందు బట్టీ పట్టండి. మేన్సాలో అడిగితే విసుక్కోరు. వడ్డించే ఆవిడ అని చెప్పాను కదా, రెండో నెల నుంచి ఆవిడే నన్ను చూడగానే 'ఈ రోజు ఇది నువ్వు తినొచ్చు' అని వేలితో చూపించేది.

చదువు మన పద్ధతికి చాలా వేరు. చాలా పరీక్షలు వైవాలే. ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని, తెల్లకాగితం మీద రాస్తూ, అడిగినదానికి నోటితో వివరించాలి. మార్కులు 30కి, పాస్ కావాలంటే 18. అద్భుతంగా చెప్తే '30 ఎ లోదె'. ఒక పరీక్షకు ఏడాదిలో చాలా తేదీలు ఉంటాయి, మీరే ఎంచుకుంటారు. వచ్చిన మార్కు నచ్చకపోతే వద్దని చెప్పి మళ్ళీ రాయొచ్చు. ఇది వరమే, కానీ మన పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు. ఎవరూ తరమరు కాబట్టి జనవరి పరీక్ష జూన్‌కి, జూన్‌ది సెప్టెంబరుకి జరుగుతుంది. ఆగస్టు 10 గుర్తుంది కదా? నా మొదటి వైవాలో అన్నీ వచ్చి కూడా గొంతు పెగల్లేదు, 21 ఇచ్చారు. తర్వాత ప్రతి పరీక్షకు ముందు రూమ్మేట్‌ను కుర్చీలో కూర్చోబెట్టి, ఆమెకు అర్థమయ్యేదాకా గట్టిగా పాఠం చెప్పేదాన్ని. ఆమెది ఫార్మసీ, నా సబ్జెక్టు తెలియదు, అదే మంచిదైంది. పరీక్షకు వెళ్తుంటే స్నేహితులు 'ఇన్ బోక్కా అల్ లూపో' అంటారు, తోడేలు నోట్లోకి అని. థాంక్స్ చెప్పకూడదు, 'క్రేపి' అనాలి, అంటే ఆ తోడేలు చావాలి అని.

ఒంటరితనం గురించి మీరు నేరుగా అడగలేదు కానీ ప్రశ్న వెనక అదే ఉందనిపించింది. ఉంటుంది. నవంబరులో నాలుగున్నర దాటగానే చీకటి పడి, పొగమంచు కమ్మి, వారాంతం ఇటాలియన్ పిల్లలంతా సూట్‌కేసులతో ఇళ్ళకు పోయినప్పుడు గట్టిగా తెలుస్తుంది. మనవాళ్ళు ఉంటారు, ఉగాదికి, దీపావళికి కలిసి వండుకుంటారు. వాళ్ళతో ఉండండి, కానీ వాళ్ళతోనే ఉండిపోకండి. మేలో ఊరి దేవుడు సాన్ వెనాన్‌త్సియో పేరున 'కోర్సా అల్లా స్పాదా' అని పరుగుపందెం పండగ జరుగుతుంది. ఊరు మూడు పేటలుగా విడిపోయి పోటీ పడుతుంది, పాతకాలం దుస్తుల్లో ఊరేగింపు ఉంటుంది. ఏ పేట వాళ్ళనైనా అడిగి వంటలోనో వడ్డనలోనో ఒక చెయ్యి వేయండి. మన జాతరలో పరాయి ఊరి పిల్లాడు వచ్చి పని అందుకుంటే మనవాళ్ళు ఎలా చూస్తారో, వాళ్ళూ అలాగే చూస్తారు.

2020 మార్చిలో దేశమంతా లాక్‌డౌన్ పెట్టినప్పుడు నేను ఆ ఊళ్ళోనే చిక్కుకుపోయాను. బయటికి వెళ్ళాలంటే ఎందుకు వెళ్తున్నామో రాసిన కాగితం చేతిలో ఉండాలి. కింది ఇంటి సిన్యోరాకు ఎనభై దాటాయి. ఆవిడకు మందులూ సామానూ నేను తెచ్చి గుమ్మం ముందు పెట్టేదాన్ని. మర్నాడు నా గుమ్మం ముందు గుడ్లు, ఒక గిన్నెలో మాంసం లేని సూపు ఉండేవి. మిలానోలో ఉన్న నా క్లాస్‌మేట్ అదే రెండు నెలలు పక్క గదిలో ఎవరున్నారో తెలియకుండా గడిపాడు. చిన్న ఊరు ఎందుకు మంచిదన్నానో ఇంట్లో అడిగితే ఈ సంగతి చెప్పండి.

ఎవరు వెళ్ళకూడదో కూడా చెప్పాలి. ఇంటి మీద అప్పు తెచ్చి, మూడో నెల నుంచి ఇక్కడి సంపాదనతో కంతులు కట్టాలి అనుకునేవాళ్ళు వెళ్ళొద్దు. చదువు అయ్యీ అవగానే అదే ఊళ్ళో ఉద్యోగం ఆశించేవాళ్ళూ వద్దు. ఉద్యోగాలకు ఆంకోనా, బొలోన్యా, మిలానో వైపు వెళ్ళాల్సిందే. నేనూ పీహెచ్‌డీ అయ్యాక ఆంకోనా వైపు వచ్చేశాను. అయితే ఆ ఇంటర్వ్యూలో నన్ను నిలబెట్టింది కొండ మీద పేకాట బల్ల దగ్గర నేర్చుకున్న ఇటాలియనే.

మీరు ఒప్పుకుని బయల్దేరితే మొదటి రోజు ప్రయాణం ఇలా పెట్టుకోండి. ఆదివారం దిగకండి, సోమవారం నుంచి గురువారం లోపు రోమ్‌లో పొద్దున దిగేలా టికెట్ కొనండి. రోమ్ తిబుర్తీనా నుంచి కామెరినోకి బస్సు ఉంటుంది, రైలైతే ఫాబ్రియానోలో మారి కాస్తెల్‌రైమోందో స్టేషన్‌లో దిగాలి, అక్కడినుంచి కొండ మీదికి మళ్ళీ బస్సు. ఆ బస్సు టైము ముందే చూసుకోండి, రాత్రి పూట ఉండదు. బస్సు టికెట్ స్టేషన్ దగ్గరి బార్‌లోనో పొగాకు దుకాణంలోనో కొనాలి. అక్కడ అనాల్సిన మాట: 'ఊన్ బిల్యెత్తో పెర్ కామెరినో, పెర్ ఫవోరె.' సీటు ఏ డిపార్ట్‌మెంట్‌లో వచ్చిందో రాయండి. మా జూనియర్లలో అక్కడ ఇంకా ఉన్నవాళ్ళు ఎవరైనా బస్టాపుకి వస్తారేమో అడుగుతాను.